కోటకి పుట్టినరోజు ఒకటేనా?

నా ఉద్యోగం పాత గోడల మధ్యే గడిచింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తాలూకా కచేరీలు, ట్రావెలర్స్ బంగళాలు, సబ్‌జైళ్లు, మునసబు కోర్టులు... కప్పు కారినా గోడ బీటలిచ్చినా ముందు ఓవర్సీరుకే కబురొచ్చేది. రిటైరయ్యాక చరిత్ర చదివే పిల్లలు కొందరు తగులుకున్నారు. విజయనగరం కోట చూపించమంటారు, బొబ్బిలి తీసుకెళ్లమంటారు, సాలిహుండం కొండెక్కించమంటారు. నడుస్తూ నడుస్తూ వాళ్లకి చెప్పేవే ఇక్కడ వరస పెట్టాను. నేను పట్టా పుచ్చుకున్న చరిత్రకారుణ్ణి కాను. మేస్త్రీల దగ్గర, కొలతల పుస్తకాల దగ్గర నేర్చుకున్న విద్య ఇది.

1. "ఇది ఎప్పటిది తాతగారూ?" అని అడక్కండి. ఎన్నిసార్లు కట్టారో అడగండి.

విజయనగరం కోట ముందు నిలబడ్డవాళ్లెవరైనా 1713 అంటారు. సరే. పూసపాటివారు పొట్నూరు వదిలి ఇక్కడికి మారాక, పెద విజయరామరాజు కాలంలో ఆ ఏడాది విజయదశమికి పునాది పడింది. మరి ఆ తేదీ కోటలో దేనికి చెల్లుతుంది? ప్రాకారానికి. ఒక్కో పక్క సుమారు 240 మీటర్లున్న నలుచదరం, ఎత్తు 10 మీటర్లు, అడుగున మందం 16 మీటర్లు, పైకి పోయేసరికి 8. ఇంటి కాపలాకే అయితే ఇంత మందం అక్కర్లేదు. ఫిరంగి గుండు గోడలో దిగబడి ఆగిపోవాలి, పైన మనుషులూ మందుగుండూ తిరగడానికి చోటుండాలి. ఆ కొలతల్లోనే ఆనాటి భయం తెలుస్తుంది.

లోపలికి వెళ్తే లెక్క మారిపోతుంది. 1794 జులై 10న పద్మనాభం దగ్గర చిన విజయరామరాజు కంపెనీ సేనతో పోరాడి చనిపోయాక ఆ గోడతో పనిబడ్డ సందర్భం లేదు. రాజులు పేష్కష్ కట్టే జమీందారులయ్యారు. వాళ్లకి కావలసింది దర్బారు, అతిథులు, సంగీతం. మూడో విజయరామరాజు కట్టించిన మోతీ మహల్ 1869 నాటిది. 1958లో పి.వి.జి. రాజుగారు మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటని చదువులకి అప్పజెప్పాక తరగతి గదులొచ్చాయి. గోడ ఫిరంగి కాలంది, మహల్ దర్బారు కాలంది, బ్లాక్‌బోర్డు పరీక్షల కాలంది. ఈ మూడూ ఒకే దర్వాజాలోంచి కనబడుతుంటే ఒక్క సంవత్సరం చెప్పి ఎలా ఊరుకుంటాం?

చిన్న కట్టడాల్లో ఇదే సంగతి మూలల్లో తేలిపోతుంది. రెండు గోడలు కలిసేచోట ఇటుకలు ఒకదాంట్లోకి ఒకటి పళ్లలా దూరి ఉంటే రెండూ ఒకేసారి లేచినవి. పైనుంచి కిందదాకా సూటిగా నిలువు గీత ఉంటే ఒకటి ముందుది, రెండోది తర్వాత తెచ్చి ఆనించింది. కిటికీ నెత్తిన కమాను ఉండి, కిటికీ వెడల్పు ఆ కమానుకి చాలకపోతే అక్కడ ఒకప్పుడు గుమ్మం ఉండేదన్నమాట. పాత కచేరీల్లో ఖజానా గది కోసం ఇలా మూసేసిన గుమ్మాలు ఎన్నో చూశాను.

2. రాతి మీద ఉన్న తేదీ ఆ రాయిదే అనుకోవద్దు.

బొబ్బిలి వెళ్లినవాళ్లందరూ యుద్ధస్తంభం దగ్గర ఫొటో దిగుతారు. యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. బుస్సీ ఫ్రెంచి దండు, దానితో కలిసిన విజయనగరం రాజు, లోపల రంగారాయుడు, ఆ తర్వాత డేరాలో దూరి పగ తీర్చుకున్న తాండ్ర పాపారాయుడు... ఈ కథ మన ప్రాంతంలో తెలియనివాళ్లుండరు. స్తంభం నిలిపింది మాత్రం 1891లో. మధ్యలో 134 ఏళ్లు. ఆ రాయిని చూసి 1757లో ఏం జరిగిందో తేల్చలేం. 1891 నాటి బొబ్బిలి సంస్థానం తన గతాన్ని ఎలా తలుచుకోదలచిందో తేల్చవచ్చు. నా మట్టుకు నాకు రెండోదే ఎక్కువ ఆసక్తి.

ఇంకా తమాషా పెంకులది. పాత బంగళా కప్పు విప్పేటప్పుడు మంగళూరు పెంకు ఒకటి తిరగేసి చూస్తే 'బేసెల్ మిషన్ టైల్ వర్క్స్, 1865' అని అచ్చు ఉంటుంది. కుర్ర ఇంజనీర్లు వెంటనే బంగళా 1865 నాటిదని రాసేసేవారు. అది మంగళూరులో ఆ మిషన్‌వాళ్లు ఫ్యాక్టరీ పెట్టిన ఏడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు అదే అచ్చు కొట్టారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆ ఫ్యాక్టరీలు కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి పోయాయి, పెంకు మీద పేరూ మారింది. కాబట్టి 'కామన్‌వెల్త్' అని ఉన్న పెంకు ఆ యుద్ధానికి ముందు ఇంటి మీద ఎక్కి ఉండదు. అదైనా పెంకు వయసే. గోడ ముందుదై, ఒకప్పుడు తాటాకో నాటు పెంకో కప్పుకుని ఉండవచ్చు.

నాటు పెంకులూ ఇటుకలూ అంతకంటే ముచ్చట. అచ్చుండదు, తేదీ ఉండదు. ఒక్కోసారి వేళ్ల గుర్తులుంటాయి. కళ్లంలో ఆరబెట్టిన పచ్చి ఇటుక మీద నడిచిపోయిన మేకపిల్ల గిట్ట, బట్టీలో కాలి, గోడలో వందేళ్లపైన దాక్కుని, మరమ్మతు రోజున బయటపడుతుంది.

3. వేలి కణుపుతో గోడ తట్టండి.

ఇది నాకు నేర్పింది ఒక తాపీమేస్త్రి. పేరు రాయను, ఇప్పుడు లేడు. తట్టి, చెవి ఆనించి, "గుల్లయిపోనాది బాబూ, లోపల నీరు దిగీసినాది" అనేవాడు. విప్పి చూస్తే అంతే. పైన గట్టిగా నిగనిగలాడే సిమెంటు పూత, దాని వెనక పిండిలా రాలిపోతున్న పాత సున్నం.

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన రెండు జిల్లాల్లో పాత కట్టడాల్ని తుపానుల కంటే ఎక్కువ పాడుచేసింది సిమెంటే. పాత గోడ డంగు సున్నంతో కట్టింది. సున్నపురాయి గానీ సముద్రం పక్కన గుల్లలు గానీ బట్టీలో కాల్చి, తొట్టెలో నీళ్లు పోసి చంపి, రోజుల తరబడి నాననిచ్చి, ఇసకతో కలిపి గానుగలో ఎడ్లు తిప్పే రాతిచక్రం కింద వెన్నలా నూరేవారు. పై పూతకి కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. రాలిన పెళ్ల ఒకటి అరచేతిలో పెట్టి చూడండి: తెల్లని సున్నపు గింజలు, బట్టీ బొగ్గు నలుసులు, గుల్లసున్నమైతే ఎక్కడో ఒక గుల్ల అంచు మెరుస్తూ ఉంటుంది. మేకుతో గీరితే పొడి రాలుతుంది. సిమెంటైతే మేకు జారుతుంది.

సున్నపు గోడ చెమ్మ పీల్చుకుంటుంది, ఎండకి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలికి పోయిన తడి బయటికి రాలేదు. కళింగపట్నం, భావనపాడు వైపు గాలిలోనే ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు పూత వెనక గడ్డకట్టి, ఇటుకని లోపల్నుంచి పొడి చేస్తుంది. రెండేళ్లు గోడ కొత్తదానిలా ఉంటుంది, బిల్లు పాసవుతుంది, మూడో వానాకాలానికి పొర ఊడి మీద పడుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చి వెళ్లాక చూశాను. సున్నపు పూత తుపానుకి నాని, మళ్లీ ఆరి నిలబడింది. సిమెంటు మాసికలు మాసికల్లాగే ఊడిపోయాయి.

వయసు కట్టడానికీ సిమెంటు పనికొస్తుంది. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914లో పోరుబందరు ఫ్యాక్టరీతో. అంతకుముందు ఓడల్లో వచ్చే సీమ సిమెంటు ఖరీదైనది, వంతెనలకీ రేవులకీ పోయేది. మామూలు కచేరీ గోడలో సిమెంటు కనబడితే అది ఆ తర్వాతి చెయ్యి అని నిర్భయంగా రాసుకోవచ్చు.

4. రంగులు తలుపు వెనక వెతకండి. ఎవరి చెయ్యీ పడని మూలలో బ్లేడుతో గోరంత మేర మెల్లగా గీస్తే పొరలు లేస్తాయి: ఎమల్షను, డిస్టెంపరు, నీలిమందు కలిపిన సున్నం, పేవుడి పసుపు, అట్టడుగున ఉత్త తెలుపు. విజయనగరం గంటస్తంభం ఇవాళ ఎరుపూ మీగడరంగుల్లో ఉంది కదా. 1885లో కట్టినప్పుడు ఆ 68 అడుగుల ఎనిమిది పలకల ఇసకరాతి స్తంభం తెల్లగా ఉండేది.

5. ఇనుము ఊరు పేరు చెప్తుంది.

టేకు దూలాలున్న కప్పుకీ ఇనుప దూలాలున్న కప్పుకీ మధ్య ఒక రైలుమార్గం ఉంది. ఈస్ట్ కోస్ట్ రైల్వే 1890ల్లో మన మీదుగా వెళ్లింది. అంతకుముందు అంత బరువైన దూలం భీమిలి రేవులో దించి, ఎడ్లబండి మీద ఊళ్లోకి తేవడం ఎంత కష్టమో ఊహించండి. రైలొచ్చాక మిద్దెలకి ఇనుప దూలాలు విరివిగా పడ్డాయి. టార్చి వేసి దూలం పక్కన తుప్పు తుడిస్తే ఇంగ్లీషు అక్షరాలు ఉబ్బెత్తుగా కనబడతాయి. 'డోర్మన్ లాంగ్' అంటే ఇంగ్లండు మిడిల్స్‌బరో సరుకు. 'లనార్క్‌షైర్ స్టీల్' అని ఉండి, పక్కనే 'స్కాట్లండ్' అని కూడా ఉంటే గ్లాస్గో దాపుల మిల్లులో తయారైంది. భారతదేశమంతా పాత మిద్దెల్లో ఈ పేర్లు దొరుకుతాయి.

మన గోగునార 'బిమ్లిపట్నం జూట్' అన్న పేరుతో సీమ మార్కెట్లకి ఓడెక్కిన రోజులవి. నార అటు, ఇనుము ఇటు. ఒక మిద్దె కప్పు కింద నిలబడి ఈ వ్యాపారమంతా చూడవచ్చంటే పిల్లలు నమ్మరు, అక్షరాలు చదివించాక నమ్ముతారు.

6. ఊళ్లోవాళ్లు చెప్పే కథని కొట్టెయ్యకండి. పంచాంగం పక్కన పెట్టి వినండి.

కోట పునాదికి అన్నీ విజయాలే కలిశాయని విజయనగరంలో చెప్పుకుంటారు: విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారం అనబడే మంగళవారం, రాజు పేరులోనూ విజయం. మహబూబ్ వలీ అనే ఫకీరు ఈ స్థలం చూపించాడనీ అంటారు. ఇలాంటివి వినగానే చదువుకున్నవాళ్లు నవ్వేస్తారు. ఒక్క లెక్క కడదాం. సంవత్సర చక్రం అరవై ఏళ్లది. 2013 ఉగాదికి వచ్చింది విజయ. అందులోంచి అరవై చొప్పున అయిదుసార్లు వెనక్కి పోతే సరిగ్గా 1713. ఈ ముక్కకి లెక్క సరిపోయింది. అంతమాత్రాన మిగతావన్నీ రుజువైపోలేదు, కానీ కథ చెప్పినవాళ్లు గాలిలోంచి తియ్యలేదని తేలింది.

అయితే ఇదే లెక్క బోర్లా కూడా పడేస్తుంది. ఏదో గుడి గడప మీద ఉత్త 'విజయ' అని ఉంటే అది 1713 కావచ్చు, 1773 కావచ్చు, 1833 కావచ్చు. శకవర్షం ఉంటే 78 కలుపుకోండి. శ్రీకాకుళం జామియా మసీదుని గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడంటే, హిజ్రీ లెక్కలో అది 1051. ముఖలింగం వైపు వెళ్తే గంగరాజుల సొంత శకం ఒకటుంది, అది క్రీస్తుశకం అయిదో శతాబ్దం చివర మొదలైంది. మన రెండు జిల్లాల్లో తిరిగేవాడికి నాలుగు కేలండర్లు జేబులో ఉండాలి.

సిరిమాను మాటా ఇక్కడే. పైడితల్లి అమ్మవారి సంబరంలో విజయదశమి తర్వాతి మంగళవారం సిరిమాను గుడి దగ్గర్నుంచి కోటదాకా మూడుసార్లు వెళ్లివస్తుంది. పూజారి మాను చివర కూర్చుంటాడు, రాజకుటుంబం కోట బురుజు మీంచి చూస్తుంది. బొబ్బిలి యుద్ధంతో ముడిపడ్డ కథ ఈ తల్లిది. ఏటా లక్షలమంది కళ్లు ఆ బురుజు మీద పడతాయి. కందకం పూడిపోయినా, ఫిరంగులు పోయినా, ఆ బురుజుకి మాత్రం ఇంకా ఉద్యోగం ఉంది.

7. తర్వాత కాగితాల దగ్గరికి వెళ్లండి. ముందు గోడ చూసి వెళ్తేనే ఏం వెతకాలో తెలుస్తుంది.

కార్మైకేల్ విశాఖపట్నం జిల్లా మాన్యువల్ 1869ది, ఫ్రాన్సిస్ గెజెటీరు 1907ది. అప్పటికి మన రెండు జిల్లాల్లో చాలాభాగం విశాఖ జిల్లాలోదే. దొరలు రాసినవి కాబట్టి దొరల లెక్కల ప్రకారం చదువుకోవాలి. పేష్కష్ ఎంతో పైసలతో సహా ఉంటుంది, గోడ కట్టిన మేస్త్రి పేరు ఎక్కడా ఉండదు. నేనైతే వాటికంటే ఎం.బుక్కులకి ఎక్కువ విలువిస్తాను. మా కొలతల పుస్తకాలు. ఏ గదికి ఏ ఏడు ఎన్ని ఘనపుటడుగుల సున్నపు పని జరిగిందో, ఏ గుమ్మం మూశారో అందులో ఉంటుంది. ఏళ్లు గడిచాక వాటిని పనికిరాని కాగితాలని తగలేస్తుంటారు. ఒక తాలూకా కచేరీ అసలు చరిత్ర ఆ మంటలోనే పోతుంది.

మనవాళ్లలో ఈ పని చేసినవాళ్లని పిల్లలు వేరే కారణాలకి ఎరుగుదురు. 'కన్యాశుల్కం' రాసిన గురజాడ అప్పారావుగారు 1891లో విజయనగరం సంస్థానంలో శాసన పరిశోధకుడిగా కుదిరారు. వాడుకభాష గిడుగు రామమూర్తిగారు ముఖలింగం గుడి గోడల మీది శాసనాల లిపి గురువు లేకుండా కూడబలుక్కుని నేర్చారు. 1919లో సాలిహుండం బౌద్ధస్థలాన్ని లోకానికి చూపించిందీ ఆయనే. తర్వాత లాంగ్‌హర్స్ట్ వంటివారు తవ్వారు. వంశధార ఒడ్డు కొండ మీద ఆ ఇటుక స్తూపాల చుట్టూ తిరుగుతూ, ఆ పెద్దాయన ఎండలో ఎలా ఎక్కి ఉంటారా అనుకుంటాను. భాష గొడవలో పడి ఆయనలోని ఈ మనిషిని మర్చిపోయాం.

8. రావిమొక్కని పీకవద్దు. పీకితే వేరుతోపాటు గోడ వస్తుంది. మొదలంటా కోసి, వేరుకి మందు పెట్టి, ఎండిపోయాక సందుల్లో సున్నం దట్టించాలి. దానికంటే ముందు పైకి ఎక్కి నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలి. తూము పూడితేనే రావి మొలుస్తుంది. నిచ్చెన వెయ్యకుండా కింద నిలబడి రాసిన రిపోర్టుని నేను నమ్మను.

9. చట్టం జాబితాలో పేరు లేకపోతే అది పాతది కాదనుకోకండి. కేంద్రం కాపాడే కట్టడాలకి 1958 చట్టం ఉంది. 2010 సవరణతో వాటి చుట్టూ 100 మీటర్లు కొత్త కట్టడం నిషేధం, ఆపై 200 మీటర్లకి అనుమతి కావాలి. మన రాష్ట్రానికి 1960 చట్టం ఉంది. ఇవి గుళ్లూ స్తూపాలూ వంటివాటికి ఎక్కువగా పనికొచ్చాయి. మునసబు కోర్టు, ధర్మసత్రం, పాత ఆస్పత్రి వరండా ఏ జాబితాలోకీ రావు. ట్రస్టులవీ సొంతదార్లవీ అయితే వెళ్లేముందు అడిగి వెళ్లండి. దొంగతనంగా తీసిన ఫొటో వల్ల తర్వాతివాడికి గేటు మూస్తారు.

10. పోయినదానికి చోటు గుర్తుండాలి.

2020 మేలో విజయనగరంలో మూడు లాంతర్ల పాత స్తంభాన్ని సుందరీకరణ పేరుతో తీసేశారు. ఊళ్లో పెద్ద రచ్చ అయింది. కరెంటు రాని రోజుల్లో దారి చూపిన దీపాలు, ఆ కూడలికే పేరైన దీపాలు. కొత్తది ఎంత సొగసుగా కట్టినా పాతదానికి బదులు కాదు, ఆ పాత రాయిని తట్టి చూసే వీలు ఇక లేదు.

స్కాట్లండు ఊళ్లలో 'టోల్‌బూత్' అని ఉండేది. సుంకం వసూలు, పురపాలక సభ, కోర్టు, జైలు అన్నీ ఒకే కట్టడంలో. మన తాలూకా కచేరీకి ఖజానా, సబ్‌జైలు అంటుకుని ఉండేవి చూడండి, అలాగే. ఎడింబరో కానన్‌గేట్‌లో 1591 నాటిది ఇంకా నిలిచి మ్యూజియమైంది. అదే ఊళ్లో అంతకంటే పాతదాన్ని 1817లో కూలగొట్టారు. అయితే అది నిలబడ్డ చోట రోడ్డు రాళ్లలోనే గుండె ఆకారం పేర్చారు. జనం ఇప్పటికీ దాని మీద ఉమ్మేసి పోతుంటారట, పాత జైలు మీద కోపం తీరక. మర్యాద సంగతి ఎలా ఉన్నా, జైలు ఎక్కడుండేదో ఊరంతటికీ తెలుసు.

మూడు లాంతర్ల దగ్గర పాత దిమ్మె కొలతకి రోడ్డు మట్టంలో నల్లరాతి పట్టీ ఒకటి పొదిగితే చాలు. పాత అలవాటు కొద్దీ దానికి ఎస్టిమేటు కూడా వేసి పెట్టాను. ఒక మేస్త్రి, ఇద్దరు కూలీలు, రెండు రాత్రుల పని. రాత్రులే ఎందుకంటే పగలు ఆ కూడలిలో ఆటోలు ఆపడం ఎవరి తరమూ కాదు.